ఆకుపచ్చ చుక్క

పోయినవారం మనం గేటు దగ్గర వదిలేసిన పెద్దకొడుకు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో ఇనప చువ్వ, కళ్ళలో నిద్రలేని ఎరుపు. లోపల అతని తమ్ముడు గ్రైండర్ ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "రా అన్నయ్యా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. కానీ అది కూర్చుంటే తీరే కోపం కాదు.

వంటగది గుమ్మంలోంచి చిన్నకోడలు ఇదంతా చూస్తోంది. చంకలో పిల్లాడు, భుజం మీద వాడి మూతి తుడిచే తువ్వాలు. ఆ ఇంటి ముందు సగం గేట్లూ, కిటికీ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపు. వెనక సగం సంసారం. మధ్యలో తలుపు కూడా లేదు. షాపులో నిప్పురవ్వ లేస్తే ఇంట్లో వెలుగు పడుతుంది. షాపులో మాట జారితే ఇంట్లో గిన్నె జారుతుంది.

గొడవంతా మామగారి గుండె చుట్టూనే. వీధి వీధంతా మేస్త్రి అని పిలిచే ఆ మనిషికి వానల్లో గుండెపోటు వచ్చింది. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేసి ఆస్పత్రివాళ్ళు గండం గట్టెక్కించారు గానీ, అప్పటికే గుండె కండ సగానికి సగం చచ్చుబడిపోయింది. అలాంటి గుండె ఎప్పుడైనా లయ తప్పొచ్చని, ఎడమ భుజం కింద చర్మం లోపల చిన్న మిషన్ అమర్చారు. గుండె దారి తప్పిన క్షణాన అదే కనిపెట్టి, అదే షాక్ కొట్టి మళ్ళీ దారిలో పెడుతుంది. కొన్నాళ్ళపాటు ఎడమ చెయ్యి పైకి ఎత్తకూడదన్నారు కాబట్టి, పొద్దున్నే ఆయనకి చొక్కా తొడిగేది చిన్నకొడుకే. బొత్తాలు కూడా తనే పెడతాడు. ఆ ఒక్కటి చూసుకునే చిన్నకోడలు ఎన్ని మాటలు పడ్డా ఆ ఇంట్లో నిలబడగలుగుతోంది. ఇంత ఓర్పున్న మగాడు నా పిల్లాడికి తండ్రి, ఇంకేం కావాలి అనుకుంటుంది.

అలాంటిది, ఆ మధ్య షాపులో తండ్రీ చిన్నకొడుకూ ఇద్దరే ఉన్నప్పుడు మామగారు కుప్పకూలిపోయారు. మిషన్ షాక్ కొట్టలేదు. పక్కవీధిలోనే అంబులెన్సు ఉండబట్టి, వాళ్ళొచ్చి బయటనుంచి షాకులిచ్చి ప్రాణం నిలబెట్టారు. ఆస్పత్రిలో చొక్కా విప్పించి పరీక్షిస్తే మిషన్ నిక్షేపంలా ఉంది. మరి ఆ రోజు ఎందుకు ఊరుకుందంటే, లోపలి రికార్డు చదవడానికి కంపెనీ మనిషి రావాలన్నారు.

మామగారు నిన్ననే ఇంటికొచ్చారు. కంపెనీ మనిషి వచ్చేదాకా ఆగే రకం కాదు బావగారు.

"మాట్లాడుకోడానికి ఏముందిరా?" అంటూ లోపలికొచ్చాడు. "నాన్న గుండెల మీద గుద్దావు. లోపల వైరు ఊడింది. అంతే కదా?"

"నేనెప్పుడైనా నాన్న మీద చెయ్యెత్తానా?"

"ఎత్తలేదు. అందుకేరా నాకు భయం. నేను తిన్న దెబ్బలు నేను అప్పటికప్పుడే అరిచి కక్కేశాను. నువ్వు తిన్నవన్నీ లోపలే దాచుకున్నావు."

ఆ మాటకి చిన్నకోడలి చూపు మొగుడి ముంజేతి మీదికి పోయింది. అక్కడ వేలెడంత మచ్చ. పనిలో చేరిన కొత్తలో అతుకు వంకర పోయిందని మేస్త్రి కాలుతున్న చువ్వతో పెట్టిన వాత అది. "చూశావా, ఆ తర్వాత నా అతుకు ఎప్పుడూ వంకర పోలేదు" అని పెళ్ళైన కొత్తలో మొగుడే నవ్వుతూ చెప్పాడు. ఆమె మాత్రం నవ్వలేకపోయింది.

"షాపు తాళంచెవి నాన్న నాకిచ్చాడని నీకు కడుపుమంట, అది చెప్పు ముందు" అన్నాడు చిన్నకొడుకు, మెల్లగా.

చువ్వ లేచింది.

మొదటి దెబ్బ బల్లకి తగిలింది. బల్ల మీదున్న పనిముట్లన్నీ నేల మీద చెల్లాచెదురైపోయాయి. సుత్తులు, పట్టకార్లు, ఆకురాళ్ళు. ప్రతిదాని మీదా ఒక రంగు చుక్క. మేస్త్రివి పసుపు, పెద్దవాడివి ఎరుపు, చిన్నవాడివి ఆకుపచ్చ. ఒకరి వస్తువు ఒకరు తీస్తే చేతులు విరుగుతాయని మేస్త్రి పెట్టిన కట్టడి అది. రెండో దెబ్బ చిన్నకొడుకు చెవి పక్కన తగిలింది. చర్మం చీలింది. మెడ మీదుగా నెత్తురు బనీనులోకి దిగింది. అతను కేక కూడా వెయ్యలేదు. తల వంచుకుని ఎద్దులా అన్న పొట్టలో కుమ్మాడు. ఇద్దరూ వెళ్ళి గోడకి ఆనించి ఉన్న గ్రిల్స్ మీద పడ్డారు. ఇనుమంతా ఒక్కసారిగా కూలిన చప్పుడికి పిల్లాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు.

"అయిపోయింది, ఈ ఇల్లు అయిపోయింది!" అత్తగారు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఒకడు ఉరుము, ఒకడు ముసురు. నలభై ఏళ్ళుగా ఈ కొంపలో ఎండ మొహం చూడలేదురా నేను! లేవండ్రా!"

ఎవరు లేస్తారు? పెద్దవాడు తమ్ముడి గొంతు మీద మోకాలు పెట్టాడు. చిన్నవాడి చెయ్యి నేలంతా వెతికి, దొరికిన సుత్తితో అన్న మోచిప్ప మీద కొట్టింది. ఎముక మీద ఇనుము పడ్డ చప్పుడు వేరుగా ఉంటుంది. అది విన్నవాళ్ళకి పళ్ళు పులుస్తాయి.

"ఛీ! మీ మొహాలకి కొట్టుకోవడం కూడా రాదు కదరా!"

అందరూ తలతిప్పారు. గదిలో మంచం మీద ఉండాల్సిన మామగారు షాపు మధ్యలో నిలబడి ఉన్నారు. ఒంటి మీద రెండు జేబులకీ మూతలుండే ఖాకీ చొక్కా, మెడ దాకా పెట్టిన బొత్తాలు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది గానీ గొంతులో మాత్రం పాత మేస్త్రే.

"చువ్వని అలాగా పట్టుకునేది? వంకాయ కోస్తున్నావా? ఇటు తే, చూపిస్తా!"

"మామయ్యా, మీరు లోపలికి రండి, మీకు దణ్ణం పెడతాను" అంది చిన్నకోడలు.

ఆయన వినలేదు. పెద్దకొడుకు చేతిలోని చువ్వని వట్టి చేత్తో లాక్కున్నారు. కోసిన చువ్వ అంచుని ఇంకా నున్నగా అరగదీయలేదు, ఆ గరుకుకి అరచెయ్యి నిలువునా తెగింది. స్టెంట్ వేసిన దగ్గర్నుంచీ రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్న ఒళ్ళు కదా, నెత్తురు ఆగకుండా కారిపోతోంది. ఆయన దాన్ని చూసుకుని నవ్వారు. "నా నెత్తురు ఇంకా ఎర్రగానే ఉందిరా, మీలా నీళ్ళు కాలేదు" అన్నారు. చువ్వ పైకెత్తారు, ఎత్తకూడని ఎడమచేత్తో. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండగానే కళ్ళు తేలేశారు.

వెల్లకిలా పడ్డ చప్పుడుకి నేల అదిరింది.

చిన్నకోడలు పిల్లాణ్ణి అత్తగారి చేతుల్లో పడేసింది, పెట్టిందని కూడా అనలేం. మామగారి పక్కన మోకాళ్ళ మీద కూలబడి భుజం పట్టుకుని కుదిపింది. పలుకు లేదు. ముక్కు దగ్గర చెంప ఆనించింది. ఊపిరి లేదు, అప్పుడప్పుడూ గొంతులో ఒక గురక తప్ప. ఆస్పత్రి నుంచి మొదటిసారి ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ ఇదే చెప్పింది. "ఆ గురక చూసి ఊపిరి ఉందనుకునేరు. అది ఊపిరి కాదు."

"మిషన్ ఉంది కదా, కొడుతుంది, ఆగు" అన్నాడు బావగారు, లేవలేక నేల మీద పాకుతూ.

ఆగారు. మిషన్ ఉలకలేదు, పలకలేదు.

"చూశారా! చూశారా! నే చెప్పలా వైరు ఊడిందని!"

అతని అరుపులు ఆమె చెవిన పడటంలేదు. నర్సమ్మ గొంతు ఒక్కటే వినిపిస్తోంది. "మీరు వెల్డింగువాళ్ళు కదా, మీ భాషలోనే చెప్తాను. గుండెపోటంటే పైపు మూసుకుపోవడం. దాన్ని తెరిచాం. దమ్ము తగ్గిన మోటారుకి మాత్రలిచ్చాం, ఉప్పు తగ్గించమన్నాం. ఇప్పుడున్న భయం వైరింగుది. కరెంటు చెడితే గుండె కొట్టుకోదు, ఊరికే గిలగిలా వణుకుతుంది. వణికే గుండె ఒక్క చుక్క కూడా తోయలేదు. షాక్ పడేదాకా ఆ పని మీ చేతులే చెయ్యాలి." అంటూ దిండు ముందు పెట్టి నేర్పించింది. రొమ్ము మధ్యలో అరచేతి మొదలు ఆనించు. మోచేతులు వంచకు. రెండు అంగుళాలు దిగాలి. జాలి పడకు.

"అత్తయ్యా, ఫోన్ చెయ్యండి అంబులెన్సుకి!" అని అరిచి, ఆమె నొక్కడం మొదలుపెట్టింది.

దిండు వేరు, మనిషి వేరు. నాలుగో నొక్కుకో, ఐదో నొక్కుకో, చేతుల కింద పుల్ల విరిగినట్టు టప్పుమంది. పక్కటెముక. అయినా ఆమె ఆగలేదు.

"ఏయ్! చంపేస్తున్నావే ముసలాయన్ని!" బావగారు కుంటుకుంటూ వచ్చి ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. "గాలి ఆడనీ! నీళ్ళు తాగించండి, అరికాళ్ళు రుద్దండి!"

అత్తగారు ఒక చేత్తో ఫోను, ఒక చంకలో పిల్లాడు, ఎలా తెచ్చిందో ఏమో చెంబు కూడా తెచ్చింది.

"నీళ్ళు పొయ్యకండి! ఊపిరితిత్తుల్లోకి పోతాయి!" చిన్నకోడలు గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. జుట్టు పట్టిన చెయ్యి మెలి తిరుగుతోంది. పెద్దవాళ్ళ ముందు గొంతు పెంచని పిల్ల, బావగారి మణికట్టు నోట కరుచుకుంది. నాలిక మీద ఉప్పగా తగిలేదాకా వదల్లేదు.

"రాక్షసి!"

"అవునండీ, రాక్షసినే! నన్ను వదలండి!"

మళ్ళీ వచ్చి మీదపడబోయిన అన్నని ఆమె మొగుడు నడుం దగ్గర వాటేసుకుని అటు తిప్పాడు. "నువ్వు నొక్కు!" అన్నాడు వెనక్కి చూడకుండా. అన్నదమ్ములిద్దరూ ఆమెకి వీపు చూపిస్తూ, గేటు దగ్గర పెనుగులాడుతున్నారు. ఒకడి చెవి నెత్తురు ఇంకొకడి చొక్కాకి, ఇంకొకడి మణికట్టు నెత్తురు ఒకడి మొహానికి.

ఆమె నొక్కుతోంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. నొక్కిన ప్రతిసారీ ఎడమ జేబులో ఏదో గట్టిది వచ్చి ఆమె మణికట్టుకి గుచ్చుకుంటోంది. రెండుసార్లు ఓర్చుకుంది. మూడోసారి విసుగొచ్చి జేబు మూత పట్టి లాగింది. బొత్తాం ఎగిరి ఎక్కడో పడింది. లోపల చెయ్యిపెట్టి ఆ గట్టిదాన్ని పీకి పక్కన పడేసి, మళ్ళీ నొక్కసాగింది.

గుటక వేసేంత సేపు.

మామగారి ఒళ్ళంతా ఒక్కసారిగా ఎగిరింది. లోపల్నుంచి ఎవరో తన్నినట్టు. ఆమె చేతుల్లోకి జిల్లుమని చీమలు పాకాయి. పట్టుకున్నవాళ్ళకి ప్రమాదం లేదని నర్సమ్మ చెప్పింది, అయినా కెవ్వుమంది. ఆ తర్వాత, బావిలోంచి చేద పైకొచ్చినట్టు, ఒక పెద్ద ఊపిరి.

"అబ్బా" అన్నారు మామగారు. కళ్ళు తెరవకుండానే, "ఎవడ్రా తన్నింది?" అన్నారు.

అత్తగారు అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. గేటు దగ్గర అన్నదమ్ముల చేతులు జారిపోయాయి.

"కొట్టింది" అన్నాడు బావగారు, నమ్మలేక. "మిషన్ కొట్టింది. వైరు... వైరు ఊడలేదా?"

"ఊడలేదు" అన్నాడు తమ్ముడు. గోడకి జారబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

చిన్నకోడలికి ఒళ్ళంతా తేలికైపోయింది. మొగుడు గుద్దలేదు. వైరు ఊడలేదు. తన పిల్లాడి తండ్రి హంతకుడు కాదు. నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే మామగారి అరచేతి గాయానికి ఏదైనా చుట్టాలని భుజం మీది తువ్వాలు తీసింది. అప్పుడు కనబడింది, తను పీకి పారేసిన వస్తువు. నేల మీది ఇనప రజనునంతా ముళ్ళలా నిలబెట్టుకుని కూర్చుంది.

మాగ్నెట్. రెండు చువ్వల్ని మూలకి కలిపి అతికేటప్పుడు కదలకుండా పట్టి ఉంచే త్రికోణపు అయస్కాంతం. బల్ల మీద పెడితే రజను పట్టేస్తుందని, పని మధ్యలో దాన్ని చొక్కా జేబులో పడేసుకోవడం తండ్రీకొడుకులు ముగ్గురికీ అలవాటు.

అది తీసింది. మిషన్ కొట్టింది.

ఆ రెండు ముక్కలూ ఆమె బుర్రలో ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కున్నాయి. నర్సమ్మ ఇంకేదో కూడా చెప్పింది ఆ రోజు. "ఎడమ జేబులో సెల్‌ఫోన్ పెట్టుకోనివ్వకండి. దాంట్లో ఉండే చిన్న అయస్కాంతం కూడా..." అంటుండగానే పిల్లాడు ఏడ్చాడు. వాణ్ణి ఎత్తుకుని ఆమె వరండాలోకి వచ్చేసింది. తిరిగి వెళ్ళేసరికి నర్సమ్మ వెళ్ళిపోతోంది. "మిగతాది నేను విన్నాలే" అన్నాడు మొగుడు.

అంటే అయస్కాంతం దగ్గరుంటే మిషన్ కళ్ళు మూసుకుంటుందన్నమాట. ఆ రోజూ అంతే జరిగి ఉంటుంది. పాపం మామగారు, అలవాటు కొద్దీ తనే జేబులో పడేసుకుని ఉంటారు. ఎవరి తప్పూ లేదు! ఈ మాట అరిచి చెప్పాలని నోరు తెరిచి, పసుపు చుక్క చూపిద్దామని మాగ్నెట్‌ని తిప్పింది.

చుక్క ఆకుపచ్చగా ఉంది.

మామగారు ఒకరి వస్తువు ముట్టుకోరు. నిన్న ఇంటికొచ్చాక మంచం దిగనే లేదు. ఈ చొక్కా పొద్దున్న తొడిగింది... బొత్తాలు పెట్టింది... జేబు మూతకి కూడా బొత్తాం పెట్టింది...

వీధిలో సైరన్ వినబడింది. ఆమె చెయ్యి తనంతట తనే పనిచేసింది. మాగ్నెట్‌ని తువ్వాల్లో చుట్టి, తువ్వాలుని భుజం మీద వేసుకుని, అత్తగారి దగ్గర్నుంచి పిల్లాణ్ణి అందుకుని దాని మీద పడుకోబెట్టుకుంది.

అంబులెన్సువాళ్ళు ఇద్దరు. వచ్చీ రావడంతో కత్తెరతో చొక్కా నిలువునా కోసి మూలకి విసిరేశారు. రొమ్ముకి తీగలు అతికించి చిన్న తెర చూశారు. "లయ బాగానే ఉంది. ఎవరమ్మా నొక్కింది?"

"నేనే."

"ప్రాణం నిలబెట్టావు తల్లీ. ఎముక విరిగితే అతుక్కుంటుంది, కంగారు పడకు." ఆ పెద్దమనిషి తీగలు సర్దుతూ ఆగాడు. "ఒక్కటే అర్థం కావట్లేదు. ఈ మిషన్ ఇంతసేపు ఆగకూడదు. కొట్టే ముందు ఏమైనా జరిగిందా? ఒంటి మీద ఏమైనా పెట్టడం, తియ్యడం? సరిగ్గా చెప్పు. తెలియకపోతే మళ్ళీ ఇలాగే జరుగుతుంది. ప్రతిసారీ నువ్వు పక్కన ఉండవు కదా."

పిల్లాడు ఆమె మెడలో మొహం దాచుకుని వెక్కుతున్నాడు. మొగుడు గోడ దగ్గర్నుంచి ఆమెనే చూస్తున్నాడు. ఆ ముంజేతి మీద వాత మచ్చ.

"ఏమీ లేదండీ" అంది.

స్ట్రెచర్ లేపారు. దారి ఇవ్వడానికి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. వెనక తయారైన గేటొకటి రంగు కోసం నిలబెట్టి ఉంది. ఇంకో అడుగు.

ఠంగ్!

భుజం మీంచి తువ్వాలు ఎవరో లాక్కున్నట్టు పోయింది. ఆమె వెనక్కి తిరిగింది. గేటు చువ్వ మీద, మేకు లేదు, ముడి లేదు, పిల్లాడి తువ్వాలు గాల్లో వేలాడుతోంది.

అంబులెన్సువాడు ఆగాడు. అత్తగారు ఏడుపు ఆపింది. బావగారు కుంటుకుంటూ వచ్చి, నెత్తుటి చేత్తో తువ్వాలు కొస పట్టుకుని లాగాడు. గుడ్డ చేతికొచ్చింది. మాగ్నెట్ గేటుకే ఉండిపోయింది, చుక్క ఇటు తిప్పుకుని.

బావగారు చుక్కని చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. కింద పడి ఉన్న చువ్వని చూశాడు.

"ఏంటమ్మాయ్ ఇది? ఎక్కడిది?"

ఆమె పిల్లాణ్ణి మరింత గట్టిగా అదుముకుని మొగుడి వైపు చూసింది. ఒక్క మాట చెప్పండి, నాది ఎక్కడో పోయింది అనండి, ఏదో ఒకటి అనండి, నేను నమ్ముతాను అని కళ్ళతోనే బతిమాలింది.

అతను గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. చెవి దగ్గర నెత్తురు గడ్డకట్టింది. గొంతు మాత్రం ఎప్పట్లాగే మెత్తగా ఉంది.

"నాన్న జేబులోంచి తీసేశావా?" అన్నాడు.

జేబు సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.